బేస్‌బాల్ చరిత్ర క్విజ్‌కి తయారవ్వాలంటే ముందు ప్రశ్న చదవడం నేర్చుకోవాలి

అడిగినాయన ప్రశ్న పొడుగ్గా ఉంది, క్లుప్తంగా చెబుతాను. ఒహాయోకి వచ్చి రెండేళ్ళయిందట. ఆఫీసులో వచ్చే నెల బేస్‌బాల్ చరిత్ర మీద క్విజ్ పెడుతున్నారు, అడక్కుండానే టీములో ఈయన పేరు రాసేశారు. క్రికెట్ తప్ప మరో ఆట పట్టదు. ఆన్‌లైన్లో దొరికిన క్విజ్‌లు చేసి చూసుకుంటే పదికి మూడొస్తున్నాయి. "ఏం చదవమంటారు? మనవాళ్ళెవరైనా ఈ ఆట ఆడారా?" అని అడిగారు.

నేను న్యూజెర్సీలో ఉంటాను, ఇరవై ఏళ్ళు దాటింది. మా ఊరి లైబ్రరీలో చలికాలం క్విజ్ జరుగుతుంది. మ్యాచ్‌లు ఉండవు కదా, జనానికి తోచదు. దానికి బేస్‌బాల్ ప్రశ్నలు రాసే నలుగురిలో నేనొకణ్ణి. అందుకని ప్రశ్న రాసేవాడు ఎలా ఆలోచిస్తాడో చెబుతాను, అది మీకు ఎక్కువ పనికొస్తుంది.

పదికి మూడు మరీ తక్కువేం కాదు. అంకెలు బట్టీ పడితే ఆరుకి వస్తారు. బేబ్ రూత్ 714 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి), హ్యాంక్ ఆరన్ 755, జో డిమాజియో వరసగా 56 మ్యాచ్‌లలో హిట్ (బంతి కొట్టి అవుటవకుండా కనీసం ఫస్ట్ బేస్, అంటే మొదటి మజిలీ, చేరడం), పిచర్ (మన బౌలర్ లాంటివాడు) సై యంగ్ 511 విజయాలు, పీట్ రోజ్ 4,256 హిట్లు, కాల్ రిప్కెన్ ఆగకుండా 2,632 మ్యాచ్‌లు. ఇలాంటివి ఓ నలభై ఉంటాయి. మనం చిన్నప్పుడు గవాస్కర్ 34 సెంచరీలు, కపిల్ 434 వికెట్లు అని అప్పజెప్పినట్టే, వారం రోజుల పని. కానీ ఆరు దగ్గర ఆగిపోతారు. ఎందుకంటే ఆ అంకె మీకు తెలుసని ప్రశ్న రాసేవాడికి ముందే తెలుసు. వాడు ఉచ్చు బిగించేది ప్రశ్నలోని ఓ చిన్న మాట దగ్గర. "మొదటి", "ఒక సీజన్లో", "అమెరికన్ లీగ్‌లో" లాంటివి. (పై స్థాయి ఆటని మేజర్ లీగ్ అంటారు, అందులో ఇప్పుడు రెండు భాగాలు: అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్.)

నేను మొదటిసారి ఆడిన క్విజ్‌లో నాకు జరిగింది వినండి. ప్రశ్న చదివే ఆవిడ "1947లో..." అని మొదలుపెట్టగానే నేను గంట కొట్టేశాను. "జాకీ రాబిన్‌సన్!" ఆవిడ నవ్వి మిగతా ప్రశ్న పూర్తి చేసింది: "...అమెరికన్ లీగ్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడెవరు?" జవాబు ల్యారీ డోబీ. ఆ ఏడాది నల్లజాతివాళ్ళకి మూసిన తలుపు తెరిచిన రాబిన్‌సన్ ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దిగాడు, అది నేషనల్ లీగ్. మూడు నెలలు తిరక్కముందే, జులై 5న, క్లీవ్‌లాండ్ తరఫున డోబీ అమెరికన్ లీగ్‌లో దిగాడు. మీ ఒహాయో టీమే. రాబిన్‌సన్ పడ్డ తిట్లూ అవమానాలూ అన్నీ డోబీ కూడా పడ్డాడు, పేరు మాత్రం ఆయనంత రాలేదు. క్విజ్ రాసేవాళ్ళకి డోబీ అంటే అందుకే ఇష్టం.

ఇదే ప్రశ్నని ఇంకోలా అడగొచ్చు. లీగ్ పేరు తీసేసి, 1947 తీసేసి, "మేజర్ లీగ్‌లో బహిరంగంగా నల్లజాతీయుడిగా ఆడిన మొదటివాడు" అని అడిగితే జవాబు రాబిన్‌సనూ కాదు, డోబీ కూడా కాదు. మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్. 1884లో టొలీడో టీముకి క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు). టొలీడో కూడా మీ ఒహాయోనే. ఆ తర్వాత తెల్లవాళ్ళు తలుపులు మూసేశారు, మళ్ళీ తెరుచుకునేసరికి అరవై మూడేళ్ళు పట్టింది. పైన నేను "బహిరంగంగా" అని ఎందుకు రాశానో గమనించారా? 1879లో ప్రావిడెన్స్ టీముకి ఒకే ఒక్క మ్యాచ్ ఆడిన విలియం ఎడ్వర్డ్ వైట్ అనే ఆయన తల్లి బానిస అని పరిశోధకులు తవ్వితీశారు. ఆయన తెల్లవాడిగానే చెలామణీ అయ్యాడు. ఒక్క విషయం మీద మూడు నాలుగు ప్రశ్నలు, మూడు నాలుగు జవాబులు. మాట ఒక్కటే మారింది.

క్రికెట్ తప్ప ఏమీ తెలియదన్నారు కదా, అది మీకు లోటనుకోకండి. ఈ ఆట తొలినాళ్ళ చరిత్ర సగం క్రికెట్ వాళ్ళదే. 1869లో సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ అనే టీము, ఆటగాళ్ళకి దాచకుండా జీతాలిచ్చిన మొదటి టీము. దాన్ని నడిపిన హ్యారీ రైట్ ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పుట్టాడు, తండ్రి న్యూయార్క్‌లో క్రికెట్ క్లబ్బుకి ప్రొఫెషనల్, హ్యారీ కూడా ముందు క్రికెటరే. తమ్ముడు జార్జ్‌ని షార్ట్‌స్టాప్‌గా (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) పెట్టుకున్నాడు. ఆ ఏడాది జీతాలు చూస్తే తమ్ముడికి 1,400 డాలర్లు, టీము నడిపే అన్నకి 1,200. ఇంట్లో ఎలా నెట్టుకొచ్చారో! ఇక్కడ కూడా ఒక ఉచ్చుంది: "మొదటి ప్రొఫెషనల్ టీము" అంటే 1869 సిన్సినాటి. "మొదటి ప్రొఫెషనల్ లీగ్" అంటే 1871 నేషనల్ అసోసియేషన్. "ఇప్పటికీ నడుస్తున్న లీగ్‌లలో పాతది" అంటే 1876 నేషనల్ లీగ్. అమెరికన్ లీగ్ మేజర్ లీగ్ అయ్యింది 1901లో.

"బేస్‌బాల్‌ని కనిపెట్టింది ఎవరు?" అని అడిగితే అబ్నర్ డబుల్‌డే అని రాయకండి. 1839లో కూపర్స్‌టౌన్‌లో ఆయన కనిపెట్టాడని 1907లో ఒక కమిషన్ తేల్చింది. తీరా చూస్తే ఆ ఏడాది ఆయన వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీలో చదువుకుంటున్నాడు. అయినా హాల్ ఆఫ్ ఫేమ్ (గొప్ప ఆటగాళ్ళని ఎన్నుకుని గౌరవించే మ్యూజియం) కట్టింది కూపర్స్‌టౌన్‌లోనే. కథ అబద్ధమని తేలినా గుడి అక్కడే వెలిసింది.

ఇంకో క్రికెట్ మనిషి హెన్రీ చాడ్విక్. ఇంగ్లండ్ నుంచి చిన్నప్పుడే వచ్చి, న్యూయార్క్ పత్రికలకి క్రికెట్ వార్తలు రాస్తూ రాస్తూ బేస్‌బాల్‌కి మళ్ళాడు. బాక్స్ స్కోర్‌కి (మ్యాచ్ అంకెలన్నీ ఉండే పట్టిక) రూపం ఇచ్చింది ఆయనే. స్కోర్ రాసేటప్పుడు స్ట్రైక్ అవుట్‌కి (ఊపి తప్పినా, కొట్టదగ్గ బంతిని వదిలేసినా స్ట్రైక్, మూడైతే అవుట్) "కె" అని వేస్తారు కదా, అది కూడా ఆయన చలవే. "ఎస్" అక్షరం అప్పటికే శాక్రిఫైస్‌కి (తను అవుటై తోటివాణ్ణి ముందుకి పంపడం) వాడేశాడు, అందుకని "స్ట్రక్" అన్న మాటలో చివరి అక్షరం తీసుకున్నాడు.

నాకు ఈ ఆట మీద నిజంగా పట్టు దొరికింది పుస్తకాల వల్ల కాదు, ఒక స్కోర్‌కార్డ్ వల్ల. వచ్చిన కొత్తలో ట్రెంటన్‌లో ఒక మైనర్ లీగ్ (మేజర్ లీగ్ కింది స్థాయి) మ్యాచ్‌కి వెళ్ళాను. పక్క సీట్లో ఒక పెద్దాయన, చెవికి పెన్సిలు, ఒళ్ళో అట్ట, దానిమీద గళ్ళ కాగితం. ప్రతి బంతికీ ఏదో గీస్తున్నాడు. నేను తొంగి చూస్తుంటే ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు. ఫీల్డర్లకి ఒక్కొక్కరికీ ఒక నంబరు: పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, తర్వాత ఎడమ నుంచి కుడికి వెనక ఉండే ముగ్గురూ 7, 8, 9. బంతి షార్ట్‌స్టాప్ చేతిలో పడి, సెకండ్ బేస్‌కి వెళ్ళి, అక్కణ్ణించి ఫస్ట్ బేస్‌కి వెళ్తే ఇద్దరు అవుట్. గడిలో 6-4-3 అని మూడంకెలు, అంతే. బ్యాటర్ బ్యాట్ ఊపి తప్పితే మామూలు "కె". ఊపకుండా నిలబడి మూడో స్ట్రైక్ ఇచ్చుకుంటే అదే అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి రాస్తారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌కి ఆయన కాగితం ఇటిచ్చి "నువ్వు రాయి" అన్నాడు. నేను రైట్ ఫీల్డర్‌కి 7 వేశాను. ఆయన ఏమీ అనకుండా రబ్బరుతో చెరిపి 9 రాశాడు. ఆ రోజు నుంచి ఏ పాత మ్యాచ్ గురించి చదివినా నా కళ్ళముందు గళ్ళే కనిపిస్తాయి. క్విజ్‌కి నెల టైముంది కాబట్టి మీరు రెండు మ్యాచ్‌లకి ఇలా స్కోర్ రాయండి. "6-4-3 డబుల్ ప్లేలో ఎవరెవరు?" అన్న ప్రశ్న ప్రతి క్విజ్‌లోనూ ఏదో రూపంలో తగులుతుంది.

సరే, యావరేజ్. మన వాళ్ళు ఎక్కువ తడబడేది ఇక్కడే. క్రికెట్‌లో పరుగుల్ని అవుట్లతో భాగిస్తాం. ఇక్కడ హిట్లని ఎట్-బ్యాట్లతో (లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాలు) భాగిస్తారు, నాలుగు బాల్స్ (గురి తప్పిన బంతులు) వచ్చి ఫస్ట్ బేస్‌కి నడిచి వెళ్తే అది ఎట్-బ్యాట్ లెక్కలోకి రాదు. పదిసార్లలో మూడు హిట్లు కొడితే మంచి బ్యాటర్, అంటే .300. (1932లో బ్రాడ్‌మన్ న్యూయార్క్ వెళ్ళి యాంకీ స్టేడియంలో బేబ్ రూత్ పక్కన కూర్చుని మ్యాచ్ చూశాడు. ఒకరి యావరేజ్ ఒకరికి చెప్పుకునుంటే ఎలా ఉండేదో అని నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.)

యావరేజ్ మీద అన్నిటికన్నా గొప్ప కథ 1941ది. బోస్టన్ రెడ్ సాక్స్ ఆటగాడు టెడ్ విలియమ్స్. సీజన్ చివరి రోజు, సెప్టెంబర్ 28, ఫిలడెల్ఫియాలో ఒకే రోజు రెండు మ్యాచ్‌లు. అప్పటికి ఆయన 448 ఎట్-బ్యాట్లలో 179 హిట్లు కొట్టాడు. భాగించి చూడండి: .39955. మూడంకెలకి సర్దితే .400. అంటే బెంచీ మీద కూర్చుంటే చాలు, రికార్డు పుస్తకంలో .400 పడిపోతుంది. మేనేజర్ జో క్రోనిన్ కూర్చుంటావా అని అడిగాడు కూడా. విలియమ్స్ ఒప్పుకోలేదు. రెండు మ్యాచ్‌లూ ఆడి, ఎనిమిదిలో ఆరు కొట్టాడు. 456కి 185, అంటే .406. దిగజారి .395కి పడిపోయే ప్రమాదం ఉండి కూడా ఆడాడు కాబట్టే ఆ అంకె అందరికీ గుర్తుంది.

అదే ఏడాది డిమాజియో 56 మ్యాచ్‌ల వరస. మే 15న మొదలై జులై 17న ఆగింది. ఎక్కడ ఆగింది? మీ క్లీవ్‌లాండ్‌లో. థర్డ్ బేస్‌లో కెన్ కెల్ట్‌నర్ రెండుసార్లు గట్టి బంతులు ఆపేశాడు. ఇక్కడ రెండు ప్రశ్నలు పుడతాయి. "ఆ ఏడాది అమెరికన్ లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) ఎవరు?" అందరూ విలియమ్స్ అంటారు, జవాబు డిమాజియో. "డిమాజియో వరస సాగిన ఆ రెండు నెలల్లో ఎవరి యావరేజ్ ఎక్కువ?" డిమాజియో .408, విలియమ్స్ .412. ఈ రెండోది నాకు ఇష్టమైన ప్రశ్న. టై పడితే తీస్తాను.

ఇప్పుడు మళ్ళీ మాట దగ్గరికి వద్దాం. "టెడ్ విలియమ్స్ తర్వాత .400 దాటినవారు లేరు" అని మీరు వంద చోట్ల చదువుతారు. 2024 మే దాకా ఎవరూ అడ్డు చెప్పేవాళ్ళు కాదు. నల్లజాతి ఆటగాళ్ళని బయటే ఉంచిన రోజుల్లో వాళ్ళు నడుపుకున్న నీగ్రో లీగ్‌లని (1920లో రూబ్ ఫోస్టర్ మొదలుపెట్టిన నీగ్రో నేషనల్ లీగ్ నుంచి 1948 దాకా) మేజర్ లీగ్‌లుగా గుర్తిస్తున్నామని మేజర్ లీగ్ నడిపేవాళ్ళు 2020 డిసెంబర్‌లో ప్రకటించారు, 2024 మేలో ఆ లెక్కల్ని అధికారిక రికార్డుల్లో కలిపారు. దాంతో కెరీర్ యావరేజ్‌లో మొదటి పేరు టై కాబ్ (.367) కాదు, జాష్ గిబ్సన్ (.372). ఒక సీజన్లో అత్యధికం 1894 నాటి హ్యూ డఫీ .440 కాదు, 1943లో గిబ్సన్ .466. 1943 అంటే 1941 తర్వాతే కదా! కాబట్టి "అమెరికన్, నేషనల్ లీగ్‌లలో .400 దాటిన చివరివాడు" అంటే విలియమ్స్ అన్నది ఇప్పటికీ సరైనదే. ఆ మూడు మాటలు తీసేస్తే తప్పు. ఆన్‌లైన్ క్విజ్‌లలో సగానికి పైగా పాతవే, టై కాబ్ అని నొక్కితేనే పచ్చ రంగు వస్తుంది. మీకొచ్చిన మూడు మార్కుల్లో కూడా ఒకటో రెండో ఇలాంటివి ఉండి ఉంటాయి. క్విజ్ నడిపేవాళ్ళని ముందే అడిగి పెట్టుకోండి, 2024 తర్వాతి లెక్కలేనా అని. మా లైబ్రరీలో దీనిమీద ఒకసారి అరగంట గొడవ జరిగింది. నా మటుకు కొత్త లెక్కే న్యాయం. గిబ్సన్ ఆటలో లోపం లేదు, తలుపు తీయని వాళ్ళలో ఉంది. రాబిన్‌సన్ దిగడానికి మూడు నెలల ముందు, 1947 జనవరిలో, ముప్పై అయిదేళ్ళకే ఆయన చనిపోయాడు.

హోమ్ రన్ల ప్రశ్నలు తేలిగ్గా కనిపిస్తాయి, అక్కడే ఎక్కువమంది పడతారు. ఒక సీజన్లో బేబ్ రూత్ 60 (1927), రోజర్ మారిస్ 61 (1961), మార్క్ మెగ్వయర్ 70 (1998), బ్యారీ బాండ్స్ 73 (2001). మరి 2022లో ఆరన్ జడ్జ్ 62 కొడితే ఊరంతా ఎందుకు పండగ చేసుకుంది? అది అమెరికన్ లీగ్ రికార్డు. మెగ్వయర్, బాండ్స్ ఇద్దరూ నేషనల్ లీగ్. రూత్, మారిస్, జడ్జ్ ముగ్గురూ న్యూయార్క్ యాంకీల టీమే. కెరీర్ మొత్తానికైతే బాండ్స్ 762. "ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో, ప్రపంచంలో" అని అడిగితే జపాన్‌లో సదహారు ఓ కొట్టిన 868. "ప్రపంచంలో" అన్న మాట కనిపిస్తే పెన్ను ఆపి ఆలోచించండి.

రూత్ గురించి ఇంకో మాట. "రూత్ ఎవరి కెరీర్ హోమ్ రన్ల రికార్డు దాటాడు?" అంటే చాలామంది తెల్లమొహం వేస్తారు. రోజర్ కానర్, 138. అంతకుముందు ఆట ఎంత వేరుగా ఉండేదో ఆ ఒక్క అంకె చెబుతుంది. పైగా రూత్ బోస్టన్‌లో ముందు పిచర్. కెరీర్ మొత్తంలో పిచర్‌గా 94 విజయాలున్నాయి. 1919 డిసెంబర్‌లో బోస్టన్ ఆయన్ని యాంకీలకి అమ్మేసింది. 1918లో గెలిచిన బోస్టన్ మళ్ళీ వరల్డ్ సిరీస్ (రెండు లీగ్‌ల విజేతల మధ్య ఫైనల్) గెలిచింది 2004లోనే. ఇప్పుడు షొహే ఒటానీ పిచింగూ బ్యాటింగూ రెండూ చేస్తున్నాడు కాబట్టి రూత్ పిచింగ్ మీద ప్రశ్నలు మళ్ళీ మొదలయ్యాయి. ఒటానీవి 2024 అంకెలు గుర్తుపెట్టుకోండి: 54 హోమ్ రన్లు, 59 స్టీల్స్ (ఎవరూ బంతి కొట్టకుండానే పరిగెత్తి తర్వాతి బేస్ లాక్కోవడం). 50-50 దాటిన మొదటివాడు. ఆ ఏడాది మోచేతి ఆపరేషన్ వల్ల ఒక్క బంతి కూడా పిచ్ చేయలేదు.

అవార్డుల్లో ఉచ్చులు చెప్పనక్కర్లేదు. పిచర్ నోలన్ రయన్ 5,714 స్ట్రైక్ అవుట్లు, ఏడు నో-హిట్టర్లు (ఎదుటి టీముకి ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్‌లు), రెండూ ఎవరూ దగ్గరికి కూడా రాని రికార్డులు. మేటి పిచర్‌కి ఏటా ఇచ్చే సై యంగ్ అవార్డు ఎన్నిసార్లు వచ్చింది? ఒక్కసారి కూడా రాలేదు. సై యంగ్ 511 గెలుపులు అందరికీ తెలుసు, అత్యధిక ఓటములు (315) కూడా ఆయనవే. 1960 వరల్డ్ సిరీస్‌లో ఏడో మ్యాచ్ చివరి ఇన్నింగ్స్‌లో బిల్ మాజెరోస్కీ హోమ్ రన్ కొట్టి పిట్స్‌బర్గ్‌ని గెలిపించాడు, ఎంవీపీ మాత్రం ఓడిపోయిన యాంకీల సెకండ్ బేస్‌మన్ బాబీ రిచర్డ్‌సన్. ఓడిన టీము నుంచి ఎంవీపీ అయినవాడు ఇప్పటికీ అతనొక్కడే. హాల్ ఆఫ్ ఫేమ్‌కి నూటికి నూరు ఓట్లు వచ్చినవాడు కూడా ఒక్కడే, 2019లో మరియానో రివేరా. డెరెక్ జీటర్‌కీ ఇచిరోకీ చెరో ఓటు తగ్గింది. బేబ్ రూత్‌కే 1936లో 226కి 215 వచ్చాయి.

పీట్ రోజ్ గురించి మీ ఆఫీసులో జాగ్రత్తగా మాట్లాడండి, ఒహాయోలో ఆయన దేవుడు. బెట్టింగ్ వల్ల 1989లో శాశ్వతంగా నిషేధించారు. 2024 సెప్టెంబర్‌లో చనిపోయాడు. చనిపోయినవాళ్ళ మీద నిషేధం ఉండదని 2025 మేలో కమిషనర్ ప్రకటించాడు. దాంతో రోజ్‌తో పాటు 1919 వరల్డ్ సిరీస్ అమ్ముడుపోయిన కేసులోని షూలెస్ జో జాక్సన్ పేరు కూడా ఆ జాబితాలోంచి పోయింది. నిషేధం పోవడం అంటే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరడం కాదు, రెండూ వేరు. అన్నట్టు, 1919లో ఆ అమ్ముడుపోయిన షికాగో వైట్ సాక్స్ మీద గెలిచింది సిన్సినాటి రెడ్స్. కేసు నడిచిన వైట్ సాక్స్ ఆటగాళ్ళని 1921లో కోర్టు వదిలేసింది, మర్నాడే కమిషనర్ ల్యాండిస్ మొత్తం ఎనిమిది మందిని జీవితాంతం వెలేశాడు. "కోర్టు శిక్షించిందా?" అంటే లేదు.

టీముల వలసలు ఒకటి చూసుకోవాలి. డెక్కన్ చార్జర్స్ 2009లో గెలిచిన కప్పుని సన్‌రైజర్స్ ఖాతాలో వేయం కదా, ఊరు ఒకటే అయినా టీము వేరు. ఇక్కడ దానికి తిరగేసిన లెక్క. ఊరు మారినా టీము అదే, చరిత్ర మూటగట్టుకుని వెళ్తుంది. అథ్లెటిక్స్‌కి తొమ్మిది వరల్డ్ సిరీస్‌లు, అయిదు ఫిలడెల్ఫియాలో, నాలుగు ఓక్లాండ్‌లో. మధ్యలో కాన్సస్ సిటీలో ఉన్న పదమూడేళ్ళలో ఒక్కటీ లేదు. అమెరికన్ లీగ్‌లో వాషింగ్టన్ సెనేటర్స్ అని రెండు టీములుండేవి. ఒకటి మిన్నెసోటా ట్విన్స్ అయ్యింది (1961), రెండోది టెక్సస్ రేంజర్స్ (1972). ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉన్నది మాంట్రియల్ నుంచి వచ్చింది. సంవత్సరం చూడకుండా జవాబు చెప్పొద్దు.

వరల్డ్ సిరీస్ 1903లో మొదలైంది. జరగని ఏళ్ళు రెండే: 1904, న్యూయార్క్ జెయింట్స్ ఆడేది లేదని భీష్మించుకున్నారు, 1994, ఆటగాళ్ళ సమ్మె. యుద్ధాల్లో ఆగలేదు, అది కూడా అడుగుతారు.

ఇక ఎలా చదవాలంటారా, నేను చేసే పద్ధతి ఇది. ఒక నిజం తీసుకుని దానిమీద మూడు ప్రశ్నలు మీరే రాయండి, ప్రతిసారీ ఒక్క మాట మార్చండి. ఉదాహరణకి 1956 వరల్డ్ సిరీస్‌లో డాన్ లార్సెన్. ఇరవై ఏడు మంది వచ్చారు, ఇరవై ఏడు మందీ అవుట్, ఒక్కడు కూడా ఫస్ట్ బేస్ తొక్కలేదు. చివరి బంతి పడగానే క్యాచర్ యోగీ బెర్రా పరిగెత్తుకొచ్చి ఆయన మీదికి ఎగిరి చుట్టుకున్న ఫొటో మీరు చూసే ఉంటారు. "వరల్డ్ సిరీస్‌లో ఏకైక పర్‌ఫెక్ట్ గేమ్ ఎవరిది?" లార్సెన్. "వరల్డ్ సిరీస్‌లో నో-హిట్టర్ జరిగింది ఒక్కసారేనా?" కాదు, 2022లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ నలుగురు పిచర్లు కలిసి ఫిలడెల్ఫియా మీద వేశారు. "పోస్ట్ సీజన్లో (మామూలు సీజన్ అయ్యాక జరిగే నాకౌట్ మ్యాచ్‌లు) ఒక్కడే పిచర్ వేసిన నో-హిట్టర్లు?" అంటే లార్సెన్‌తో పాటు 2010లో రాయ్ హ్యాలడే కూడా వస్తాడు, సిన్సినాటి మీద. (మీ ఆఫీసులో ఈ చివరిది గట్టిగా చెప్పకండి.) ఇలా పాతిక నిజాల మీద రాసుకుంటే మీ దగ్గర డెబ్భై అయిదు ప్రశ్నలుంటాయి, ఇంచుమించు ఏ ప్రశ్న రాసేవాడికైనా దొరకరు.

అసాధ్యం అనిపించే ప్రశ్నలు కూడా రెండు దగ్గర పెట్టుకోండి. 1982 ఆగస్టు 4న జోయెల్ యంగ్‌బ్లడ్ మధ్యాహ్నం షికాగోలో న్యూయార్క్ మెట్స్ తరఫున హిట్ కొట్టాడు, మ్యాచ్ మధ్యలోనే మాంట్రియల్‌కి ట్రేడ్ అయ్యాడు, విమానం ఎక్కి రాత్రికి ఫిలడెల్ఫియాలో కొత్త టీముకి హిట్ కొట్టాడు. ఆ రెండు హిట్లూ ఇద్దరు హాల్ ఆఫ్ ఫేమ్ పిచర్ల మీద, ఫెర్గూసన్ జెంకిన్స్, స్టీవ్ కార్ల్‌టన్. ఒకే రోజు రెండు ఊళ్ళలో రెండు టీములు. దీన్ని మించింది ఇక రాదనుకున్నాం. 2024లో డానీ జాన్సెన్ ఒకే మ్యాచ్‌లో రెండు టీములకీ ఆడాడు. జూన్‌లో బోస్టన్‌లో వాన పడి మ్యాచ్ ఆగినప్పుడు అతను టొరంటో బ్యాటర్. ఆగస్టులో మళ్ళీ మొదలయ్యేసరికి బోస్టన్ క్యాచర్. తన ఎట్-బ్యాట్‌ని వేరేవాడు పూర్తి చేస్తుంటే అతనే ప్లేట్ వెనకాల కూర్చుని బంతి పట్టుకున్నాడు. నా స్కోర్‌కార్డ్ పెద్దాయన ఉంటే ఆ గడిలో ఏం రాసేవాడో!

మనవాళ్ళెవరైనా ఆడారా అని అడిగారు. రింకూ సింగ్, దినేశ్ పటేల్ అని ఇద్దరు, ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళు, జావెలిన్ విసిరేవాళ్ళు. వేగంగా ఎవరు విసరగలరో చూసే ఒక టీవీ పోటీలో బయటపడ్డారు. 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఇద్దరితోనూ సంతకం చేయించుకుంది. అమెరికన్ బేస్‌బాల్‌లో ప్రొఫెషనల్ కాంట్రాక్టు అందుకున్న మొదటి భారతీయులు వాళ్ళే. కోల్‌కతా నైట్ రైడర్స్ రింకూ వేరు, ఇతను వేరు. తర్వాత ఇతను కుస్తీలకి వెళ్ళిపోయాడు. ఇద్దరూ మైనర్ లీగ్ దాకానే వెళ్ళారు. కాబట్టి ప్రశ్నలో "కాంట్రాక్టు" అనుంటే వీళ్ళ పేర్లు రాయండి, "మేజర్ లీగ్‌లో ఆడిన" అనుంటే రాయకండి.